నాటు మొక్క పేరు, పరాయి మొక్క వేరు



మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు చినుకులు పడగానే మనందరి చూపూ మొక్కల మీదికి పోతుంది. పొలం గట్టుమీద నాలుగు చెట్లు వేసుకుందామనీ, పెరటికి కంచె పెంచుకుందామనీ, ఇంటిముందు రెండు పూలమొక్కలు పెట్టుకుందామనీ అనుకుంటాం. బోయినపల్లి మార్కెట్టుకు కూరగాయలు తెచ్చిన రైతు, బండి ఖాళీ అయిన తరువాత సికింద్రాబాదు రోడ్ల పక్కనున్న నర్సరీల దగ్గర ఆగి, పది మొక్కలు బండిలో వేసుకుని పోవడం మామూలే. మంచి పనే. ఆ పది మొక్కల గురించే ఈనాడు నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

నర్సరీలో మనం అడిగే మొదటి మాట ఏమిటి? "ఇది మన నాటు మొక్కేనా?" అని. అమ్మేవాడు ఏమంటాడు? "పక్కా మన దేశపుదే" అంటాడు. ఈమధ్య అట్టముక్క మీద "నేటివ్" అని రాసి కుండీకి గుచ్చుతున్నారు కూడా. "ఆయుర్వేద మొక్క", "దేవతా వృక్షం", "అడవి మొక్క" అని కూడా రాస్తారు. ఆ మాట నిజమైతే మంచిదే. కాని నల్లనివన్నీ నీళ్ళు కావు, తెల్లనివన్నీ పాలు కావు. అట్లాగే నాటు పేరు పెట్టినవన్నీ నాటు మొక్కలు కావు. కొన్ని సముద్రాలు దాటి వచ్చినవి. వాటిలోనూ కొన్ని, వేసినచోట ఉండకుండా పక్క చేనుకూ, చెరువుకూ, అడవికీ పాకి, అక్కడున్న గడ్డినీ చెట్టునూ తోసివేసి కూర్చునేవి. మన హైదరాబాదు, సికింద్రాబాదు వాళ్ళకు భూమి కబ్జా అంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. ఇవి కబ్జా మొక్కలు. శాస్త్రజ్ఞులు వీటిని దురాక్రమణ మొక్కలంటారు.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. పరాయి దేశం నుంచి వచ్చిన మొక్క అయినంత మాత్రాన అది చెడ్డది కాదు. మనం రోజూ తినే మిరపకాయ అమెరికా ఖండం నుంచి వచ్చింది. టమాటా, మొక్కజొన్న, వేరుశనగ, జామ, బొప్పాయి, సీతాఫలం, అన్నీ అక్కడివే. చింతచెట్టు పుట్టినిల్లు ఆఫ్రికా. వాటిని మనం పెంచుకున్నాం, అవి మన అదుపులో ఉన్నాయి, మన కడుపు నింపాయి. కాబట్టి ఏ ఊరిది అని అడగడంతో సరిపోదు. వేసినచోట ఉంటుందా, ఉండదా అన్నది కూడా అడగాలి. ఈ రెండు ప్రశ్నలకూ నిజమైన జవాబు రావాలంటే మొక్క అసలు పేరు తెలియాలి. పేరే అబద్ధమైతే తక్కినదంతా అబద్ధమే.

మన పెద్దలు పేరులోనే హెచ్చరిక పెట్టేవారు. పరదేశం నుంచి వచ్చినదానికి ముందు "సీమ" అని తగిలించారు. సీమచింత, సీమవంకాయ, సీమతుమ్మ, సీమతంగేడు. ఆ ఒక్క మాటతో ఇది మనది కాదు, చూసి వాడుకోండి అని చెప్పినట్టే. తెలంగాణలో సీమతుమ్మను సర్కారు తుమ్మ అంటాం. దాన్ని తెచ్చినవారెవరో కూడా ఆ పేరే చెబుతుంది. ఇప్పటి వ్యాపారం చేస్తున్నదేమిటంటే, ముందున్న ఆ "సీమ"ను తుడిచివేసి వెనకనున్న మన పేరును మాత్రం ఉంచడం. లేదా కొత్తగా ఒక సంస్కృతం పేరు పెట్టడం. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత దీనికి సరిపోతుంది.

దీనివల్ల రైతుకు వచ్చే నష్టమేమిటో తెలియాలంటే, ఇదివరకు మన దేశంలోకి వచ్చిన మొక్కల చరిత్ర కొంచెం చూడాలి.

సర్కారు తుమ్మ సంగతి తీసుకోండి. దీని శాస్త్రీయ నామం ప్రోసోపిస్ జూలీఫ్లోరా. పుట్టినిల్లు మధ్య, దక్షిణ అమెరికా ప్రాంతాలు. దీన్ని మన దేశంలో మొట్టమొదట నాటినది మన తెలుగునాటనే. 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో అప్పటి మద్రాసు అటవీశాఖవారు నాటారు. వానలు లేని నేలల్లో వంటచెరకు దొరకాలన్నది వారి ఉద్దేశం. ఉద్దేశం మంచిదే, కట్టె కూడా దొరికింది. కాని ఆ చెట్టు కమలాపురంలో ఆగలేదు. కాయలు తియ్యగా ఉంటాయి కనుక మేకలు, పశువులు తింటాయి. గింజలు అరగవు, పేడలో పడి మొలుస్తాయి. ఇవాళ ఏ చెరువు శిఖం చూసినా, ఏ బంజరు చూసినా అదే. దాని కింద గడ్డి సరిగా పెరగదు. ముళ్ళు కాలిలో దిగితే పశువుకూ మనిషికీ బాధే.

రెండవది లంటానా. మన పల్లెల్లో పులికంప అంటారు, తలంబ్రాల మొక్క అని కూడా అంటారు. పేరు చూడండి, పెళ్ళిపందిట్లోకి వచ్చి కూర్చుంది. ఇది ఎవరి పొలంలోనో కలుపుగా రాలేదు. 1809 ప్రాంతంలో కలకత్తా బొటానికల్ తోటకు పూల అందం కోసం తెచ్చిన మొక్క. ఇంగ్లీషువారి బంగళా తోటల్లో కంచెగా పెరిగింది. పిట్టలు పండ్లు తిని గింజలు అడవిలో వేశాయి. ఇప్పుడు మన దేశపు అడవుల్లో ఒకటిన్నర లక్ష చదరపు కిలోమీటర్లకు పైగా అది పాకిందని 2020లో ప్రచురించిన పరిశోధనలో లెక్క వేశారు. అంత మేరా పశువు మేసే గడ్డి తగ్గిపోయింది. మేత లేక దాని ఆకు తిన్న పశువుకు కాలేయం చెడుతుంది, కామెర్లు వస్తాయి, ఎండలో నిలబడితే చర్మం పొక్కుతుంది. పాడిపశువు ఉన్న ఇంటివారు ఈ మాట బాగా గుర్తుపెట్టుకోవాలి.

మూడవది గుర్రపు డెక్క. దక్షిణ అమెరికాలోని అమెజాను ప్రాంతపు నీటిమొక్క. పందొమ్మిదో శతాబ్దం చివర ఊదారంగు పువ్వు చూసి ముచ్చటపడి బెంగాలుకు తెచ్చారు. అక్కడ కాలువలూ, వరిపొలాలూ మూసుకుపోతే, 1936లో దాన్ని తొలగించడానికి ప్రత్యేకంగా చట్టమే చేయవలసివచ్చింది. మన సికింద్రాబాదులో సఫిల్‌గూడ చెరువునూ, రామకృష్ణాపురం చెరువునూ అడిగితే ఆ మొక్క ఏమి చేస్తుందో చెబుతాయి.

ఈ మూడింటినీ కష్టపడి పీకుతున్నది ఎవరు? మొదట తెచ్చినవారు కాదు. నూరేళ్ళ తరువాత పుట్టిన రైతు, పశువుల కాపరి, చెరువు కింద ఆయకట్టుదారు. అందుకే, కొనేటప్పుడే కళ్ళు తెరవాలని చెప్పడం.

ఇక ఈనాటి నర్సరీల సంగతికి వద్దాం. ఒకే పేరుతో రెండు మొక్కలు తిరిగే సందర్భాలు కొన్ని చెబుతాను. వాటిని గుర్తుపట్టే లక్షణాలు కూడా చెబుతాను. కాగితం, కలం దగ్గరుంటే రాసుకోండి.

మొదటిది జమ్మి. 2014లో తెలంగాణ ప్రభుత్వం జమ్మిచెట్టును రాష్ట్ర వృక్షంగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. దసరానాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చుకునే మనకు ఆ చెట్టంటే ఎంత గౌరవమో వేరే చెప్పాలా? గుడి దగ్గర, బడి దగ్గర జమ్మి నాటాలన్న కోరిక ఇప్పుడు ఊరూరా ఉంది. జమ్మి మొక్కకు గిరాకీ పెరిగింది. గిరాకీ ఉన్నచోట నకిలీకి చోటు దొరుకుతుంది. చిక్కు ఎక్కడంటే, జమ్మీ, సర్కారు తుమ్మా ఒకే జాతికి చెందిన దాయాదులు. జమ్మి ప్రోసోపిస్ సినరేరియా, రెండోది ప్రోసోపిస్ జూలీఫ్లోరా. జానెడు మొక్కగా సంచిలో ఉన్నప్పుడు రెండింటి సన్నని ఆకులూ చూసి చెప్పడం కష్టం. ముల్లు చూడాలి. సర్కారు తుమ్మకు ముళ్ళు కణుపు దగ్గరనే, ఆకు పుట్టేచోటనే వస్తాయి, తరచు జంటగా ఉంటాయి. జమ్మికి ముళ్ళు పొట్టిగా, మొదట్లో వెడల్పుగా ఉండి, కణుపుకూ కణుపుకూ మధ్య కొమ్మ పొడుగునా చెదురుగా ఉంటాయి. కాయ కాసిన తల్లిచెట్టు దగ్గరుంటే ఇంకా సులభం. జమ్మికాయ సన్నగా, పొడుగ్గా వేలాడుతుంది. తుమ్మకాయ పసుపురంగులో దళసరిగా ఉంటుంది. గుడి ముందు జమ్మి అనుకొని సర్కారు తుమ్మను నాటి, దానికి నీళ్ళు పోసి పెంచడం కన్న దురదృష్టం ఉంటుందా?

రెండవది తంగేడు. బతుకమ్మ పేర్చే తంగేడు పొద మాత్రమే, పెద్ద చెట్టు కాదు. దాని ఆకుకాడ మొదట్లో రెండు చెవుల్లాగ గుండ్రని చిన్న ఆకులుంటాయి. ఆ చెవులను బట్టే దానికి సెన్నా ఆరిక్యులేటా అని శాస్త్రీయ నామం వచ్చింది. కాయ పల్చగా, కాగితంలాగ ఉంటుంది. చెవులు లేకుండా నిలువుగా చెట్టై పెరిగేది కనబడితే అది సీమతంగేడు గాని, మరొక పరాయి జాతి గాని అయి ఉంటుంది. వాటిలో ఒకటి సెన్నా స్పెక్టాబిలిస్, అమెరికా ఉష్ణప్రాంతాలది. దాని కథ పొరుగు రాష్ట్రాల నుంచి నేర్చుకోవాలి. కేరళలోని వయనాడులో, తమిళనాడులోని ముదుమలైలో అందమైన పసుపు పూలచెట్టు అని దాన్ని పెంచారు. అక్కడివాళ్ళు దాన్ని మంజకొన్న అంటారు. మంజ అంటే పసుపు. కొన్న అంటే మన రేలచెట్టు. కణికొన్న కేరళ రాష్ట్ర పుష్పం, విషు పండుగనాడు దేవుడి ముందు పెట్టే పువ్వు. పరాయి చెట్టుకు ఇంటిచెట్టు పేరు దొరికింది. తరువాత అది పులుల అడవి అంతా పాకింది. నరికితే పిలకలు వేస్తుంది. ఇప్పుడు తమిళనాడు అటవీశాఖ దాన్ని కొట్టించి కాగితపు మిల్లుకు పంపిస్తున్నది. మనకు ఆ గతి పట్టకూడదు.

మూడవది గుంటగలగర. తలనూనెకు వాడే అసలైన గుంటగలగర చేలగట్ల తడిలో పెరుగుతుంది. పువ్వు తెల్లగా, చిన్నదిగా ఉంటుంది. లేత ఆకు అరచేతిలో నలిపితే కాసేపట్లో రసం నల్లబడుతుంది. పసుపుపువ్వు పూసే మరొక నాటు జాతి కూడా ఉంది, పాత వైద్యంలో దానికీ చోటుంది. దాని ఆకు సన్నగా, పొడుగ్గా, చీలికలు లేకుండా ఉంటుంది. కాని పట్నం తోటల్లో, రోడ్ల మధ్య గట్లమీద నేలనంతా పరచుకుని, మెరిసే పచ్చని ఆకులతో, పసుపుపచ్చని పూలతో కనబడేది ఈ రెండూ కాదు. దాని ఆకు చాలావరకు మూడు చీలికలుగా, అంచున పళ్ళతో ఉంటుంది. స్ఫాగ్నెటికోలా ట్రైలోబాటా అంటారు. దాన్ని సింగపూరు డెయిసీ అంటారు గాని అది సింగపూరుదీ కాదు, అమెరికా ఉష్ణప్రాంతాలది. దీన్ని "పచ్చ భృంగరాజు" అని నమ్మి కొనేవాళ్ళు ఉన్నారు, అమ్మేవాళ్ళూ ఉన్నారు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐ.యు.సి.ఎన్. 2000లో ప్రకటించిన ప్రపంచపు 100 మహా దుష్ట ఆక్రమణ జీవుల పట్టికలో ఈ మొక్క ఉంది. లంటానా, గుర్రపు డెక్క, సుబాబుల్ కూడా ఆ పట్టికలో ఉన్నాయి. ఈ డెయిసీకి గింజతో పనిలేదు. ప్రతి కణుపూ నేల తగిలితే వేరు దిగుతుంది. తెగిన ముక్క నీటిలో కొట్టుకుపోయి ఎక్కడ ఆగితే అక్కడ ఊరు కట్టుకుంటుంది. ఔషధం అనుకుని వేరొక మొక్కను వాడడం మరొక ప్రమాదం.

నాల్గవది అశోక. కాంపౌండు గోడల పక్కన బాణంలాగ నిలువుగా పెరిగే చెట్టును అందరం అశోక అంటున్నాం. అది నరమామిడి. అసలు అశోకకు గుత్తులుగా నారింజ, ఎరుపు రంగుల పూలు పూస్తాయి. దాని పేరు సరాకా అశోక. నరమామిడి కబ్జా మొక్క కాదు, దానివల్ల మన పొలానికి భయమేమీ లేదు. కాని ఒక పేరు మారితే ఏమవుతుందో చూడండి. అశోక పట్ట అని మందులకు నరమామిడి పట్ట కలిపే కల్తీ బయలుదేరింది. అసలు అశోక ఎట్లా ఉంటుందో చాలామంది మరిచిపోయారు.

ఐదవది లక్ష్మీతరు. పేరు వింటే పురాణాల్లో ఉన్న చెట్టేమో అనిపిస్తుంది. దాని అసలు పేరు సిమరూబా. మధ్య అమెరికా, కరీబియను దీవులది. 1960లలో నూనెగింజల చెట్టుగా మన దేశానికి తెచ్చారు. ఇది లంటానాలాగ దండెత్తే మొక్క అని నేను అనడం లేదు. నూనె కోసం తెలిసి వేసుకుంటే అది రైతు ఇష్టం. కాని సంస్కృతం పేరు పెట్టి, మన ఋషుల నాటిదన్నట్టు చెప్పి, ఆకు కషాయంతో క్యాన్సరు నయమవుతుందని చెప్పి అమ్మడం తప్పు. అట్లా నయమవుతుందని వైద్యశాస్త్రం రుజువు చెయ్యలేదు. రోగం వచ్చినవారు ముందు డాక్టరు దగ్గరకు పోవాలి.

మరి కోనోకార్పస్ సంగతేమిటని మీరు అడగవచ్చు. 2015లో హరితహారం మొదలైన తరువాత మన రోడ్ల మధ్య, పార్కుల్లో నున్నగా కత్తిరించిన ఆ పచ్చని చెట్లు చాలా కనబడ్డాయి. తొందరగా పెరుగుతుంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, నీళ్ళు తక్కువైనా బతుకుతుంది. ఈ మూడు మాటలూ విని నాటారు గాని, నాలుగో మాట ఎవరూ అడగలేదు. తెలంగాణలో 2022లో దాన్ని నర్సరీల్లో పెంచవద్దన్నారు. 2023లో గుజరాత్ ప్రభుత్వం కూడా నిషేధించింది. దాని పుప్పొడి వల్ల జలుబు, దగ్గు, ఆయాసం వస్తాయనీ, వేళ్ళు నీటిగొట్టాలనూ, మురుగుకాలువలనూ, టెలిఫోను తీగలనూ చెడగొడతాయనీ కారణం చెప్పింది. ప్రభుత్వమే నాటించి ప్రభుత్వమే వద్దనవలసి వచ్చినప్పుడు, ఒక రైతు కొనేముందు ఒక్క పూట ఆలోచించడంలో తప్పేముంది?

"ఇవన్నీ పట్నంవాళ్ళ తోటల సంగతులు. మా పొలానికేం సంబంధం?" అని ఎవరైనా అనవచ్చు. సంబంధం నీటిలో ఉంది. సికింద్రాబాదులో ఒక ఇంటివారు తోట శుభ్రం చేసి, కత్తిరించిన డెయిసీ తీగలను, కుండీలో ఎక్కువైన గుర్రపు డెక్కను నాలాలో పారవేశారనుకోండి. పికెట్ నాలా హుస్సేన్ సాగరులో కలుస్తుంది. సాగరు పొంగిన నీళ్ళు మూసీలో పడతాయి. మూసీ నీళ్ళు కత్వల ద్వారా, కాలువల ద్వారా పిల్లాయిపల్లి వైపు వరిపొలాలకు పారతాయి. పట్నంలో పారేసిన మొక్క పల్లెలో కాలువకు అడ్డం పడుతుంది. లంటానా గింజకు కాలువ కూడా అక్కరలేదు, పిట్ట చాలు.

ఇక్కడ నర్సరీవాళ్ళ గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. అందరూ మోసగాళ్ళు కారు. గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల నుంచి లారీల్లో మొక్కలు వస్తాయి. ఒక చేతి నుంచి మరొక చేతికి మారేటప్పుడు పేరు మారిపోతుంది. రోడ్డుపక్క అమ్మే చిన్నవ్యాపారి తాను విన్న పేరే చెబుతాడు. అది తెలియనితనం. కొందరు గిరాకీ పోతుందని, సీమ మాట చెప్పకుండా దాటవేస్తారు. అది లోభం. మరికొందరు తెలిసి తెలిసి అట్టమీద అబద్ధం అచ్చువేస్తారు. అది మోసం. మూడింటికీ మందు ఒక్కటే: అడిగే గిరాకీదారు. అడిగేవాడుంటే అమ్మేవాడు నేర్చుకుంటాడు.

అయితే ఎట్లా అడగాలి?

ఒకటి. తెలుగు పేరు ఒక్కటే వినవద్దు, శాస్త్రీయ నామం అడగండి. తెలుగులో ఒక పేరుకు పది మొక్కలుంటాయి, ఒక మొక్కకు పది పేర్లుంటాయి. శాస్త్రీయ నామం ఒక మొక్కకు ఒకటే నడుస్తుంది. మనకు నోరు తిరగకపోయినా ఫరవాలేదు, కాగితం మీద రాయించండి.

రెండు. రసీదు తీసుకోండి, దానిమీద ఆ పేరు ఉండాలి. పది రూపాయల మొక్కకు రసీదెందుకు అనుకోవద్దు. అబద్ధపు ప్రకటనతో అమ్మడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పు. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012లో మన రాష్ట్రపు రైతుల కేసులోనే తీర్పు చెప్పింది. ఫిర్యాదు చెయ్యాలంటే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. కాని చేతిలో రసీదు లేకపోతే నోటిమాటకు విలువ లేదు.

మూడు. "దీన్ని పశువు ముట్టదు, నీళ్ళక్కర లేదు, కొట్టినా మళ్ళీ వస్తుంది, నెలలో గోడంతా కప్పుతుంది" అని ఎవరైనా పొగిడితే, ఆ గుణాలన్నీ కబ్జా మొక్కకు ఉండే గుణాలేనని గుర్తుంచుకోండి. పొగడ్తలోనే హెచ్చరిక ఉంది. అయితే ఈ గుణాలున్న ప్రతి మొక్కా చెడ్డదని కాదు. మన జిల్లేడునూ పశువు ముట్టదు. కనుక పొగడ్త విన్నప్పుడు పేరు మరింత గట్టిగా అడగాలి.

నాలుగు. అనుమానం వస్తే కొమ్మ ఒకటి తెంపి, పువ్వు, కాయ ఉంటే వాటితో సహా మీ వ్యవసాయ విస్తరణాధికారికి గాని, కృషి విజ్ఞాన కేంద్రానికి గాని, దగ్గరలోని కళాశాల వృక్షశాస్త్రం మాష్టారికి గాని చూపించండి.

ఇప్పటికే మన నేలలో దిగినవాటిని ఏం చెయ్యాలి? మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. చిన్నదిగా ఉన్నప్పుడే, కాయ పట్టకముందే తియ్యాలి. లంటానాను పైపైన నరికితే పిలకలు ఎక్కువ వస్తాయి. నేలకు మూడునాలుగు సెంటీమీటర్ల లోతున తల్లివేరును గునపంతో తెంపి, పొదను ఎత్తి తలకిందులుగా పడవేయాలి. నేల తగలకపోతే మళ్ళీ పాతుకోదు. తొలి వానల తరువాత మళ్ళీ వచ్చి, మొలిచిన పిల్లమొక్కలను పీకాలి. డెయిసీ తీగను ముక్క మిగలకుండా ఏరి, బండమీద ఎండలో పూర్తిగా ఎండనివ్వాలి. నాలాలో, గట్టుమీద పారవేయకూడదు. గుర్రపు డెక్కను ఒడ్డుకు లాగి కంపోస్టు గుంతలో వేస్తే ఎరువవుతుంది. కాని గింజ నీటి అడుగున ఏళ్ళతరబడి బతికి ఉంటుంది కనుక, ఒక్క ఏడు తీసి వదిలేస్తే లాభం లేదు.

సర్కారు తుమ్మ గురించి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "అది లేకపోతే పొయ్యిలోకి కట్టె ఎక్కడిది? బొగ్గు కాల్చి బతికేవాళ్ళ గతేమిటి?" అని. సరైన ప్రశ్న. ఉన్నదాన్ని కొట్టి వాడుకోండి, బొగ్గు చెయ్యండి, కంచెకు కంప తీసుకోండి. కొట్టినచోట మొద్దును తవ్వి తీసి, అక్కడ మన చెట్టు పెట్టండి. కాయలు పశువులకు పెట్టదలిస్తే ఎండబెట్టి, మరలో బాగా పిండి పట్టించి పెట్టండి. గింజ నలిగితే పేడలో మొలవదు. కొత్తగా మాత్రం ఎవరూ నాటవద్దు.

మరి నాటవలసినవి ఏవి? కంచెకు వావిలి ఉంది. పశువు తినదు, కొమ్మ గుచ్చితే నాటుకుంటుంది, ఆకు ఒళ్ళునొప్పులకు కాపడానికి పనికివస్తుంది. ముళ్ళకంచె కావాలంటే వాక్కాయ. కంచెకు కంచె, పచ్చడికి కాయ. గట్టుమీద కానుగ వేస్తే పచ్చిరొట్ట దొరుకుతుంది. రాతినేలలో మోదుగ, రేల, తంగేడు నీళ్ళు పొయ్యకుండానే నిలుస్తాయి. ఇంటిముందు నీడకు వేప, పొగడ. నీరు నిలిచేచోట నేరేడు. జమ్మి అయితే సాక్షాత్తూ పంటచేలో ఉండదగిన చెట్టు. రాజస్థానంలో దాని కింద సజ్జ పండిస్తారు, కాయ కూర వండుకుంటారు, ఆకు మేకలకు వేస్తారు. ఇవేవీ లారీలో దూరం నుంచి రానక్కరలేదు. మీ ఊళ్ళోనే తల్లిచెట్టును కళ్ళతో చూసి, గింజ ఏరుకొని, సంచిలో మొలిపించుకోవచ్చు. మీరు పోసిన గింజకు ఎవరూ తప్పుడు పేరు పెట్టలేరు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఈ సంగతి ఉపన్యాసంతో తలకెక్కదు. రైతువేదికలో సమావేశం జరిగే రోజున జమ్మి కొమ్మ ఒకటి, సర్కారు తుమ్మ కొమ్మ ఒకటి పక్కపక్కన బల్లమీద పెట్టండి. తంగేడు చెవులను చూపించండి. గుంటగలగర ఆకు పిల్లల చేత నలిపించి, రసం నల్లబడేది చూపించండి. తమ వేళ్ళతో ముట్టి చూసినవాళ్ళు ఇక మరిచిపోరు. స్త్రీలను తప్పక పిలవండి. బతుకమ్మకు పువ్వు కోసేది వాళ్ళే, పెరడు పెంచేదీ వాళ్ళే. పంచాయతీ నర్సరీలో ప్రతి మడికీ తెలుగు పేరు, శాస్త్రీయ నామం, గింజ ఎక్కడినుంచి తెచ్చారో రాసిన పలక ఒకటి పెట్టించండి. ఊరి నర్సరీయే నిజం చెప్పడం మొదలుపెడితే పట్నం నర్సరీ కూడా చెప్పకతప్పదు.

చెప్పిన మాటలు మరొకసారి క్లుప్తంగా చెబుతాను. పరాయి మొక్క అంతా చెడ్డది కాదు, వేసినచోట ఉండనిది చెడ్డది. నాటు అన్న మాట నమ్మేముందు ముల్లు, ఆకు, పువ్వు చూడండి. శాస్త్రీయ నామం రాయించి రసీదు తీసుకోండి. తోటలో తీసిన చెత్తను నీటిలో పారవేయకండి. చేతనైనంతవరకు ఊరి తల్లిచెట్టు గింజతోనే మొక్క పెంచుకోండి.

చీర కొన్నా, గాజులు కొన్నా నచ్చకపోతే పక్కన పెట్టవచ్చు. మొక్క అట్లాంటిది కాదు. ఒకసారి వేరు దిగి కాయ కాసిందంటే అది మన ఒక్కరిది కాదు, పక్క చేనుదీ, కింది చెరువుదీ, రాబోయే తరానిదీ అవుతుంది. ఈ తొలకరిలో మీరు నాటే ప్రతి మొక్కా పేరుకు తగ్గ మొక్క కావాలని కోరుతున్నాను.